సింగిల్ ఓనర్ బండి

“పెట్రోలు వాసన చూపిస్తే చాలు, పరిగెడుతుందండీ,” అన్నాడు కళ్ళద్దాల షాపతను, కారు మీద కప్పిన పట్టా లాగి పక్కన పడేస్తూ.

చూడటానికి వచ్చినవాళ్ళు ఇద్దరు. మెడలో టేపు తీయడం మరచిపోయి వచ్చిన టైలరు, ఆయన భార్య. ఇద్దరూ యాభై దాటినవాళ్ళే. కూర్చోమంటే కూర్చోలేదు. మంచినీళ్ళు ఇస్తానంటే వద్దన్నారు.

ఈ బేరం ఎలాగైనా కుదరాలి అతనికి. భార్య అలిగి పుట్టింటికి వెళ్ళి కూర్చుంది. ఆ కారు గుమ్మం ముందు ఉన్నంతవరకు ఆ ఇంట్లో అడుగు పెట్టనని తెగేసి చెప్పింది. బతిమాలాడు. బావమరిది చేత చెప్పించాడు. అత్తగారి కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఊహూ, వినలేదు. ఫోన్ చేస్తే ఎత్తడం కూడా మానేసింది. చిన్న కారని నామోషీ పడుతోందని ఇరుగుపొరుగుకి చెప్పుకున్నాడు. హోటలు తిండితో కడుపు పాడైంది. ఇల్లంతా దుమ్ము. అవన్నీ ఎలాగో భరించవచ్చు గానీ, ఆవిడ లేకపోతే అతనికి తోచదు. ఆవిడంటే అతనికి ప్రాణం.

ఎంతోమంది వచ్చారు, చూశారు, మళ్ళీ చెబుతామన్నారు, పత్తా లేరు. ఈ ఇద్దరి రకం వేరు. ఇదే కంపెనీ కావాలి, ఇదే మోడల్ కావాలి, ఇదే ఎరుపు రంగు కావాలి. వేరే బండి పేరెత్తితే బ్రోకరు మీద విసుక్కున్నారట. ఇలాంటివి ఇప్పటికే ఊళ్ళో చాలా చూశారట, ఒక్కటీ నచ్చలేదట. “చాదస్తపు మనుషులు, కాస్త ఓపిగ్గా మాట్లాడండి,” అని బ్రోకరు ముందే హెచ్చరించాడు. ఇతను మాత్రం సంబరపడ్డాడు. అంత పట్టుబట్టి తిరుగుతున్నారంటే బండి విలువ తెలిసినవాళ్ళేగా!

అందుకే మొహమాటం లేకుండా పొగిడాడు. పక్కింటివాళ్ళ పెద్ద బండి ట్యాంకు నింపుకునేలోపు ఇది ఊరంతా చుట్టి వస్తుందన్నాడు. ఎంత ఇరుకు సందులోనైనా పిల్లిలా దూరిపోతుందట. ఏసీ వేసుకుని కూడా వంతెన ఎక్కేస్తుందట. సర్వీసింగ్ ఒక్కసారి కూడా తప్పించలేదట. వెనక సీట్లో ముగ్గురు కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయని ఒప్పుకున్నాడు. హారన్ కాస్త పీల అని కూడా ఒప్పుకున్నాడు. ఒకటి రెండు లోపాలు మనమే చెబితే మిగతావన్నీ నమ్ముతారని షాపులో నేర్చుకున్న విద్య అది.

టైలరు ఇవేవీ వింటున్నట్టు లేదు. కారు చుట్టూ నెమ్మదిగా తిరుగుతున్నాడు. కుట్టు సరిగ్గా పడిందో లేదో చూసేవాడిలా అంచులన్నీ బొటనవేలితో తడుముతున్నాడు. ఆయన భార్య ముందు సీట్లో కూర్చుని అద్దంలోంచి ఎదుటి రోడ్డు చూస్తోంది.

“ఎక్కడా గీత పడలేదా బాబూ?” అన్నాడు టైలరు.

“గోటి గాటు కూడా లేదండీ. సింగిల్ ఓనర్ బండి. నేను తప్ప ఇంకొకరు ముట్టుకోలేదు.”

ఎడమవైపు లైటు దగ్గర బొటనవేలు ఆగింది. “ఇక్కడ రంగు కొత్తది. లైటు కూడా మార్చినట్టున్నారు.”

షాపతను వంగి ఆ లైటు వైపు చూశాడు. రంగు కలిసిపోయింది, దేవుడు కూడా కనిపెట్టలేడని పెయింటరు ఒట్టేసి మరీ చెప్పాడే! ఇప్పుడు బుకాయిస్తే నమ్మకం పోతుంది. నోరు మూసుకుంటే పెద్ద యాక్సిడెంటు అనుకుంటారు. ఎలా చూసినా బేరం చెడుతుంది, భార్య ఇంటికి రాదు. దాచేకంటే చిన్నది చేసి చెప్పడమే నయమనుకున్నాడు.

కుక్క అడ్డమొచ్చిందన్నాడు. అంతకుమించి ఏమీ లేదన్నాడు.

“ఎక్కడ?” అంది ఆవిడ కారులోంచి. వచ్చాక నోరు విప్పడం అదే మొదలు.

పాత మిల్లు మలుపు దగ్గరని చెప్పాడు. ఆ సాయంత్రం కుండపోత వాన, ఊరంతా కరెంటు పోయింది, మీకూ గుర్తుండే ఉంటుందన్నాడు. గుర్తుందన్నట్టు ఆవిడ తలూపింది.

దాంతో అతనికి హుషారొచ్చింది. బండి ఎంత గట్టిదో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? అంత దెబ్బ తగిలినా స్టీరింగు వణకలేదన్నాడు. ఇంజను చెక్కుచెదరలేదన్నాడు. పక్క సీట్లో ఉన్న భార్య ఆపమని ఒకటే గోల పెట్టిందట. తను బ్రేకు మీద కాలైనా వెయ్యకుండా నేరుగా ఇంటికి తోలుకొచ్చేశాడట. ఆడవాళ్ళకి ప్రతిదానికీ కంగారేనని నవ్వాడు కూడా.

“దిగి చూడలేదా?” అంది ఆవిడ.

“ఆ వానలో కుక్క కోసం ఎవరు దిగుతారమ్మా? అది ఎటో పోయే ఉంటుంది.”

ఆవిడ కారు దిగింది. తలుపు మెల్లిగా వేసి, వచ్చి భర్త పక్కన నిలబడింది. ఆయన ఇంకా ఆ లైటు మీంచి చెయ్యి తియ్యలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మయ్య, నచ్చింది అనుకున్నాడు షాపతను. ఇన్నాళ్ళకి గుండెలమీది బరువు దిగింది. వీళ్ళు గేటు దాటగానే అత్తగారింటికి ఫోన్ చెయ్యాలి, సాయంత్రం బస్సుకే వెళ్ళి భార్యని తెచ్చుకోవాలి.

“అయితే ఈ కారు ఖాయమేనా?” అంటూ చెయ్యి చాపాడు.

టైలరు ఆ చెయ్యి పట్టుకుని, వదలకుండా అన్నాడు: “కుక్క కాదు బాబూ, మా అమ్మాయి.”