బొగ్గు మెడలో చిప్పు

“ఇంకొక్క అడుగు వేశారంటే ఈ చేతికర్ర విరుగుతుంది డాక్టరుగారూ!” అంది నాయనమ్మ.

పశువుల డాక్టరు గది మధ్యలోనే ఆగిపోయాడు. చేతిలో ఉన్న సూది కాస్త పెద్దదే. దాన్ని మెల్లిగా వీపు వెనక్కి దాచుకున్నాడు. కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న నాయనమ్మ, ఒళ్లోని నల్లపిల్లిని శాలువాతో తోక చివరిదాకా కప్పేసింది. రెండు చెవులు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

“అమ్మా, పరువు తియ్యకు,” అన్నాడు నాన్న. బేకరీలో డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, కనుబొమల మీద మైదా పిండి ఇంకా ఉంది. “చిప్పంటే బియ్యపు గింజంత. మెడ దగ్గర చర్మం కింద ఉంటుంది. మన బొగ్గుగాడు తప్పిపోయి ఎవరికి దొరికినా, పశువుల ఆస్పత్రిలో మిషన్ పెట్టి చూస్తే మన వివరాలు తెలిసిపోతాయి.”

“మరి నేను తప్పిపోతే? నీ కన్నతల్లికి లేని చిప్పు పిల్లికెందుకురా?”

“నువ్వు తప్పిపోవులే. నీ నోరు నాలుగు వీధుల అవతలికి వినపడుతుంది.”

డాక్టరు నవ్వు ఆపుకున్నాడు. తలుపు వెనక నిలబడ్డ మనవరాలికి మాత్రం నవ్వు రాలేదు. ఇంటికి ఎవరొచ్చినా మూలకి నక్కే ఆ పిల్లని నాయనమ్మ చిట్టెలుక అంటుంది. ఇప్పుడు చిట్టెలుక తలుపు సందులోంచి ఆ శాలువానే చూస్తోంది.

ఎందుకంటే ఆ ఒళ్లో ఉన్నది బొగ్గు కాదు.

నాయనమ్మ కళ్ల ఆపరేషన్ కోసం ఆస్పత్రిలో ఉన్నప్పుడు, చిట్టెలుక వీధి తలుపు గడియ పెట్టడం మరిచిపోయింది. బొగ్గు రోడ్డు మీదికి పరిగెత్తి వ్యాను కింద పడింది. చిట్టెలుక ఒక్కతే, ఎవరికీ చెప్పకుండా, పెరట్లో పాతిపెట్టింది. గోళ్లలో మట్టి వదలకముందే ఆస్పత్రి నుంచి నాయనమ్మ ఫోన్ చేసింది.

“మా బొగ్గుగాడు తిన్నాడా?”

“తిన్నాడు నాయనమ్మా.”

ఆ మాట నిలబెట్టుకోవడానికి, వడ్రంగి షెడ్డులో తిరిగే నల్లపిల్లిని సంచిలో వేసుకొచ్చింది. నలుపు నలుపే కదా! పగలంతా నిద్రపోయే నాన్న తేడా కనిపెట్టలేదు. లాండ్రీలో వందల బట్టలు విడివిడిగా గుర్తుపట్టే అమ్మ కూడా, “వీడు కాస్త చిక్కాడే” అని ఊరుకుంది. నాయనమ్మ ఇంటికొచ్చాక దాన్ని ఒళ్లోకి తీసుకుని చాలాసేపు నిమిరింది. చూపు ఇంకా మసకగానే ఉంది ఆవిడకి. “సరే, ఇక్కడే ఉండు,” అంది.

కానీ బొగ్గు మగపిల్లి. ఇది ఆడది. డాక్టరు చేతికి చిక్కితే ఆ సంగతి క్షణంలో బయటపడుతుంది. బొగ్గుకి పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేసింది ఆయనే మరి.

ఈ చిప్పు గొడవంతా పోయిన వారం మొదలైంది. పిల్లి కనపడలేదని నాయనమ్మ అన్నం ముట్టలేదు. నాన్న నిద్ర మానుకుని వీధులన్నీ గాలించాడు. చిట్టెలుక మాత్రం తిన్నగా వడ్రంగి షెడ్డుకి వెళ్లి తీసుకొచ్చింది. ఇక చిప్పు వేయించాల్సిందేనని నాన్న ఆ రోజే పట్టుబట్టాడు.

“ఇలా ఇవ్వండి పెద్దమ్మా,” అన్నాడు డాక్టరు బుజ్జగింపుగా. “ఒకసారి ఒళ్లంతా పరీక్ష చేసి వేసేస్తాను. వాడు నాకు కొత్తవాడా ఏమిటి?”

“మీ చేతిలో ఒకసారి కోత పడింది చాలు. ఇది నా ఒళ్లోంచి కదలదు.”

“అమ్మా, నువ్వు వదలకపోతే నేనే తీస్తాను,” అని నాన్న వంగి శాలువా అంచు పట్టుకున్నాడు.

“వద్దు నాన్నా!”

ఆ అరుపు తన నోట్లోంచే వచ్చిందని చిట్టెలుకకి కాసేపటిగ్గానీ తెలియలేదు. అప్పటికే పరిగెత్తుకొచ్చి కుర్చీకి అడ్డంగా నిలబడింది.

నాన్న తెల్లబోయాడు. “నీకు నోరెప్పుడొచ్చిందే?”

“ఇప్పుడే వచ్చింది. చిప్పు వేయనివ్వను. దానికి తిండి పెట్టేది నేను, అది దొడ్డికెళ్లిన ఇసుక ఎత్తేది నేను, పోతే వెతికి తెచ్చిందీ నేనే. నన్ను అడగకుండా సూది తెప్పించావు. కొడతావా, కొట్టు. జరగను.”

కుర్చీ చేతుల్ని రెండు వైపులా గట్టిగా పట్టుకుంది.

నాన్న గొంతు తగ్గింది. “సరే, రేపు నిజంగానే పోయి దొరకలేదనుకో. మీ నాయనమ్మ మళ్లీ తిండి మానేస్తే ఏం చేస్తావు?”

ఆ ప్రశ్నకి భయపడే కదా చిట్టెలుక ఇంతా చేసింది!

“తింటాలేరా,” అంది వెనకనుంచి నాయనమ్మ. “పిల్లి పోయినా సరే, కంచం ముందు కూర్చుంటాను. ఇదిగో, అందరి ముందూ మాటిస్తున్నాను. ఇక డాక్టరుగారికి కాఫీ ఇప్పించి సాగనంపు. మేమిద్దరం ఒప్పుకోం.”

నాన్న ఒకసారి తల్లిని, ఒకసారి కూతుర్ని చూశాడు. ఇద్దరి మొహాల్లోనూ ఒకటే మొండితనం.

“పిల్లికి ఎలుక కాపలా! ఈ ఇల్లు బాగుపడదు. రండి డాక్టరుగారూ, కాఫీ బయటే తాగుదాం.”

వాళ్ల చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోయింది. చిట్టెలుక కుర్చీ పక్కనే నేలమీద కూలబడింది. మొదటిసారి నాన్నకి ఎదురు తిరిగి గెలిచింది. గెలిచినా, నాయనమ్మ మొహంలోకి చూసే ధైర్యం మాత్రం రాలేదు.

నాయనమ్మ శాలువా తీసేసింది. పిల్లి ఒళ్లు విరుచుకుంది.

“ఇకనైనా దీనికో ఆడపేరు పెట్టవే,” అంది నాయనమ్మ.