ఒక్క గీత

"మీరే ఆపారా?"

"నేనే ఆపిన బిడ్డా," అన్నాడు ఇన్నయ్య. పీకేసిన నెట్ వైరు అతని చేతిలోనే ఉంది.

కౌముది వైరు కోసం చెయ్యి చాచింది.

నెల రోజులు యూనివర్సిటీ ల్యాబులో కూర్చుని, గో అనే కంప్యూటర్ భాషలో సొంతంగా వెబ్ సర్వర్, అంటే ఒక కంప్యూటర్లోని ఫైళ్లను బయటివాళ్లు తమ తెర మీద చూసే ప్రోగ్రామ్, రాసింది. పదకొండింటికి హెడ్ గారు వచ్చి చూస్తారు. నచ్చితే రీసెర్చ్ సీటు ఆమెది. ఉన్నది ఒక్కటే సీటు. కూతురి ఘనత కళ్లారా చూద్దామని హబ్సిగూడ నుంచి తండ్రి అచ్యుతరామయ్య కూడా వచ్చి, దాన్ని తెరిచి చూడ్డానికి ఫోన్ చేత్తో పట్టుకుని ముందు కుర్చీలో కూర్చున్నాడు. సీటు రాగానే పిల్లకు సంబంధాలు చూస్తానని అక్కడున్నవాళ్లందరికీ చెబుతున్నాడు.

ఇన్నయ్య ల్యాబుకు కొత్త. కేబుళ్లు చూసుకోవడానికి కాంట్రాక్టు మీద వచ్చాడు. వారం నుంచి ఆమె సర్వర్‌కు కావలసిన వైర్లన్నీ కలిపింది కూడా అతనే.

"జర పక్కకు రా బిడ్డా, ఒక్క మాట చెప్త."

"ఇక్కడే చెప్పండి. అందరూ వింటారు."

ఇన్నయ్య ఆమె తండ్రి వైపు చూశాడు.

"ఏం లేదు. ఇయ్యాల ఇది నడవది."

"వైరు ఇవ్వండి."

"ఇయ్య బిడ్డా."

హెడ్ గారు వచ్చి, పది నిమిషాలు చూసి లేచి వెళ్లిపోయారు. సీటు ఆమెతో పోటీలో ఉన్న జశ్వంత్‌కు దక్కింది.

"ఎవరి దగ్గరో గడ్డి తిన్నాడమ్మా వీడు," అన్నాడు అచ్యుతరామయ్య.

కౌముదికీ అదే అనిపించింది. నమ్మినందుకు నట్టేట ముంచాడు. ఆ రోజే అతని మీద ఫిర్యాదు రాసిచ్చింది.

పదిహేను రోజుల తర్వాత, తార్నాకలో టిఫిన్ సెంటర్లో కూర్చుని అదే సర్వర్‌ను ల్యాప్‌టాప్ మీద నడిపింది. ఎదురుగా కూర్చున్న శ్రావణ్‌ను అతని ఫోన్లో తెరిచి చూడమంది. శ్రావణ్ ఆమె భర్త. రిజిస్టర్ పెళ్లయి ఆర్నెల్లయింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

"ఏంది కౌముదీ, మన పెళ్లి సర్టిఫికెట్ నా ఫోన్ల కనపడ్తున్నది?"

గబగబా కోడ్ చూసుకుంది. బయటివాళ్లకు చూపాల్సిన ఫోల్డర్ పేరు రాయాల్సిన చోట, ఒక్క ఏటవాలు గీత పెట్టి వదిలేసింది. కంప్యూటర్లో ఉన్నవన్నీ చూపించు అని ఆ గీతకు అర్థం. సర్టిఫికెట్ ఈ ల్యాప్‌టాప్‌లోనే కాదు, స్కాన్ చేసిన ల్యాబు కంప్యూటర్లోనూ ఉంది.

ఎవరు ఏం తెరిచారో ల్యాబులో సర్వర్ రాసుకున్న చిట్టా కోడ్‌తో పాటే తెచ్చుకుంది; అది తీసింది. హెడ్ గారు వచ్చిన రోజు, పదకొండుకు ఐదు నిమిషాల ముందు, ఇన్నయ్య కూర్చునే కంప్యూటర్ నుంచి ఆ సర్టిఫికెట్ ఒక్కసారి తెరుచుకుంది. మరు నిమిషమే అతను వైరు పీకాడు. ఇంకెవరూ చూడలేదు.

టిఫిన్ అక్కడే వదిలేసి డిపార్ట్‌మెంట్‌కు పరుగెత్తింది.

"ఇన్నయ్య ఎక్కడున్నాడు మేడమ్?" అని ఆఫీసులో వనజను అడిగింది.

"నీ కాయితం మీదనే తీసేసిండ్రు గదమ్మా. ఏడికి పోయిండో తెల్వది," అంది వనజ. "'ఎందుకు ఆపినవో ఒక్క మాట చెప్పు, పనిల ఉంచుత' అని హెడ్ సారు మూడుసార్లు అడిగిండు. 'ఆ పిల్లది తప్పేం లేదు, తప్పు నాదే' అని రాసి, సంతకం పెట్టి పోయిండు."