రెండు వేళ్ల పొడుగు

"చేతులు రెండు వేళ్లు పొడుగు చెయ్యాలిరా," అన్నాడు ఎసెన్‌కుల్, తన తోలు జాకెట్‌ను బల్ల మీద పరుస్తూ.

జీనులు కుట్టే సాదీర్ చేతిలో ఆరె పక్కన పెట్టి తలెత్తాడు. ముప్పై ఏళ్లుగా ఏటా ఆ జాకెట్‌కు కొవ్వు పట్టిస్తున్నది అతనే. కనుమ దారి మంచుతో మూసుకుపోయి, ఎసెన్‌కుల్ లారీ ఇంటి ముందు ఆగిపోయాక చేసే పని అది. ఇప్పుడింకా గడ్డికోతలే పూర్తి కాలేదు.

"ఇంత తొందరేమొచ్చింది?"

"ఈ ఏడు చలి ముందే వచ్చేట్టుంది."

"చేతులెందుకు? ఈ వయసులో ఎదుగుతున్నావా?"

"నాక్కాదు. ఒకడికి ఇద్దామనుకున్నాను. నీ ఎత్తే ఉంటాడు. నీ చేతికి కొలిచి కుట్టెయ్."

సాదీర్‌కు అనుమానమొచ్చింది. కిందటి వారమే రాజధాని బిష్కెక్ నుంచి ఒక వ్యాపారి వచ్చి, పాత తోలు జాకెట్లున్నాయా అని ఇల్లిల్లూ తిరిగాడు. పట్నం కుర్రాళ్లకు అరిగిన తోలంటే మోజట. సాదీర్, ఎసెన్‌కుల్ ఒక ఈడువాళ్లు. ఆ ఊళ్లో ఈడువాళ్ల మధ్య అడగకూడని మాటంటూ లేదు. ఆ జాకెట్ తనకిమ్మని సాదీర్ ఎన్నేళ్లుగానో అడుగుతూనే ఉన్నాడు. ఒంట్లో ప్రాణముండగా అది ఒంటి మీంచి దిగదని ఎసెన్‌కుల్ ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు. ఇప్పుడు ఎవడికో దిగుతోంది.

సాదీర్ భార్య బూరుల్ ఉప్పు వేసిన పాల టీ, నూనెలో వేయించిన వేడి పిండిముక్కలు, బోర్సోక్‌లు తెచ్చింది. ఎసెన్‌కుల్ ఒక బోర్సోక్ తుంచి, నోట్లో పెట్టుకోకుండానే పళ్లెంలో వదిలేశాడు. కూతురింట్లో నెల్లాళ్లు పట్నం తిండి తినేసరికి మా వంట సహించడం లేదా అన్నా అని బూరుల్ దెప్పింది. అతను నవ్వి, గోడ మేకుకున్న నక్కతోలు టోపీ వైపు చూశాడు.

ఆ టోపీ ఎసెన్‌కుల్ అన్నగారిది. పోయినవాళ్లకు స్నానం చేయించినవాళ్లకు వాళ్ల బట్టల్లోంచి ఒకటి ఇవ్వడం ఆ ఊరి ఆనవాయితీ. నాలుగేళ్ల కిందట జనవరిలో ఆయన శవానికి సాదీర్ స్నానం చేయిస్తే అది అతనికి వచ్చింది.

"నీ పుణ్యాన మా అన్న వణుక్కుంటూ పోయాడు స్వర్గానికి," అన్నాడు ఎసెన్‌కుల్.

"కట్టెలు తడిసి నీళ్లు కాగలేదని వెయ్యిసార్లు చెప్పాను."

"వెయ్యిసార్లూ విన్నాను," అని నవ్వుతూనే లేచాడు. గుమ్మం దగ్గర కాసేపు ద్వారబంధం పట్టుకుని నిలబడి, వెళ్లిపోయాడు.

సాదీర్ రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. వ్యాపారికి పోయే వస్తువుకు ఇంత శ్రద్ధ దేనికని బూరుల్ అడిగితే జాకెట్‌ను బల్ల మీదికి లాక్కున్నాడు. మనసు మొరాయించినా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో కుట్ల సందుల్లోని దుమ్మంతా దులిపాడు. తడిగుడ్డతో తుడిచి, ఎండ తగలకుండా నీడలో ఆరేశాడు. గుర్రపు కొవ్వులో తేనెమైనం కరిగించి, అరచేతిలో వెచ్చబరిచి, కొంచెం కొంచెంగా రుద్దాడు. మోచేతులు, కాలరు ఎక్కువ తాగాయి. వీపు చాలంది. తోలుకు ఎంత కావాలో తోలే చెబుతుంది, వినేవాడుండాలి.

కుడి భుజం మీద చక్రాలకు చుట్టే గొలుసు గీరిన గాటు. ఎడమ చేతి అంచున, మంచులో గడ్డకట్టిన డీజిల్ ట్యాంకు కింద మంట పెట్టినప్పుడు కాలిన మచ్చ. లోపల అస్తరు మీద పెద్ద గోధుమ రంగు మరక. నొప్పులు పడుతున్న బూరుల్‌ను నరీన్ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే లారీలో బిడ్డ పుట్టింది. ఆ బిడ్డను చుట్టింది ఈ జాకెట్‌లోనే. ఎసెన్‌కుల్ ఆ రాత్రి చొక్కాతో కనుమ దాటాడు. ఆ మాట అతను ఎన్నడూ ఎత్తలేదు. ఆ మరక తీసెయ్యమని కూడా ఎన్నడూ అడగలేదు.

చేతుల అంచులు విప్పితే లోపల మడిచిన తోలు కొన్ననాటి నలుపుతో మెరిసింది. ముప్పై ఏళ్ల ఎండ దాని మీద పడలేదు. సాదీర్ అక్రోటు తొక్కల కషాయంతో పక్కనున్న వెలిసిన తోలును ఆ రంగుకు తెచ్చి, రెండు వేళ్లు వదిలి కుట్టాడు. ఎక్కడ పాతదో ఎక్కడ కొత్తదో తనకే తెలియకుండా పోయింది. అలాంటి తోలు మళ్లీ చూడననుకున్నాడు.

మూడో రోజు ఎసెన్‌కుల్ వచ్చాడు. జాకెట్‌ను ముఖానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూశాడు.

"ఆ కొనేవాడికి చెప్పు," అన్నాడు సాదీర్ ఎటో చూస్తూ. "తడిస్తే పొయ్యి దగ్గర ఆరెయ్యొద్దు. ఏడాదికొకసారి కొవ్వు. ఎక్కువ పట్టిస్తే తోలు జావగారిపోతుంది."

"వాడికి తెలుసు. నువ్వొకసారి తొడుక్కో, చూస్తాను."

సాదీర్ అయిష్టంగానే తొడుక్కున్నాడు. చేతి అంచు సరిగ్గా మణికట్టు ఎముక మీద ఆగింది. ఎసెన్‌కుల్ చుట్టూ తిరిగి చూసి, కాలరు సర్ది, భుజం తట్టాడు.

"కుదిరింది. నీకే."

సాదీర్ చేతి అంచు తడిమి చూసుకున్నాడు. "మరి వ్యాపారి?" అన్నాడు.

"వాడికిచ్చేవాణ్నైతే నీ చేతికెందుకు కొలవమంటానురా?"

"అయితే ఇక విప్పను."

"విప్పు. మంచు పడేదాకా నాది."

పిసినారి అని తిడుతూ, నవ్వుతూ సాదీర్ విప్పి ఇచ్చాడు. ఎసెన్‌కుల్ దాన్ని వేసుకున్నాడు. కిందటేడు బిగుతుగా ఉన్న జాకెట్ ఇప్పుడు మేకుకు తగిలించినట్టు వేలాడింది. జాకెట్ చేతుల్లో వేళ్లు మునిగిపోయాయి. గుమ్మం దాకా వెళ్లి, టోపీ వైపు ఒకసారి చూసి, వెనక్కి తిరిగాడు.

"ఈసారైనా నీళ్లు గోరువెచ్చగా పెట్టరా."