ఇంకా ఉన్నాయా తల్లీ?

కాశమ్మ పెరట్లో అంట్లు తోముతుంటే వరండాలోంచి కీచుమని అరుపు వినిపించింది.

పరుగున వెళ్లి చూస్తే, జాలీపెట్టెలో కోడలు కొడుకు చెవి చీరేసింది.

కొడుకూ కోడలూ అంటే మనుషులు కాదు. పోర్టులో క్రేన్ నడిపే ఆమె భర్త గురునాథరావుకి ఓ ఓడలో వంటవాడిచ్చిన గినీ పందులు. ఆ పేరు నచ్చక కాశమ్మ వాటిని సీమ ఎలుకలంది. పిల్లల్లేని ఇల్లు కదా, పోర్టు క్వార్టర్స్‌లో అందరినీ పిలిచి ఆ రెంటికీ బొమ్మల పెళ్లి చేసింది. అది డెబ్బై ఎనిమిది. టీవీలు లేని కాలం. ఏ చిన్న వేడుకకైనా లైనంతా చాపలేసుకుని కూర్చునేవారు. ఎంత సందడో!

పెళ్లయిన వారం నుంచీ కొట్లాటే.

మొగుడూ పెళ్లాల తగువులో మనం వేలు పెట్టకూడదనుకుంది కాశమ్మ. రాజీ పడతాయని ఇంకా చిన్న పెట్టెలో పెట్టి మూసింది. పడితేగా!

చెవి ఎలాగో మానుతుంది. మూడు రోజులుగా గరిక ముట్టని ప్రాణం నిలుస్తుందా అన్నదే ఆమె బెంగ. ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చుంది.

గేటు దగ్గర సైకిల్ ఆగింది. తెల్లగడ్డం సాయిబు ఒకాయన దిగి, అరుపు విని ఆగానన్నాడు. పేరు దావూద్, ఉండేది వన్‌టౌన్‌లో. రెంటినీ ఒక్కొక్కటిగా అరచేతిలో వెల్లకిలా తిప్పి చూశాడు.

"రెండూ మగవే తల్లీ."

పక్కింటి సన్యాసమ్మ పకపకా నవ్వింది. సాయంత్రానికి లైనంతా పాకింది. కోడలికి గడ్డం గీయించావా అని వచ్చేపోయేవాళ్లు ఒకటే ఆటపట్టించడం. ఆ సిగ్గంతా కాశమ్మ మనసులో కోపమై సాయిబు మీదకే తిరిగింది.

ఈడొచ్చిన మగవి రెండు ఒక గూట్లో ఇమడవనీ, అలాగని ఒంటరిగా ఉంచితే బెంగ పెట్టుకుంటాయనీ, చెరో పసి మగదాన్ని జత చేస్తే పెద్దయ్యాకా కలిసే ఉంటాయనీ వెళ్లేముందే చెప్పాడాయన.

మర్నాడు సంచిలో అలాంటి రెండు పిల్లల్ని తెచ్చాడు. వాసన కలవాలని పెద్దవి పడుకున్న గడ్డితో వాటి ఒళ్లు రుద్దాడు. ఎవరి గూడూ కాని చోట, వరండా మధ్యలో గరిక పోసి, ఒక్కో జతనీ వదిలాడు. చీకటి పడేలోగా చెవి చిరిగినది పిల్లని పొట్ట కింద పొదువుకుని గరిక నమిలింది.

అప్పటి నుంచి నెలకోసారి వచ్చేవాడు. గుమ్మంలో నిలబడి ఒకటే మాట.

"ఇంకా ఉన్నాయా తల్లీ?"

ఎలా ఉన్నాయని అడగొచ్చుగా! ఇంకా ఉన్నాయా ఏమిటి, పాడు నోరు! కాశమ్మకి ఒళ్లు మండేది. ఆయన మాత్రం పిల్లలు రెండింటినీ అరగంట చూసి వెళ్లిపోయేవాడు.

ఏడాది నిండిన నెలలో వచ్చి మళ్లీ అదే అడిగాడు. ఆమె ఇక పట్టలేకపోయింది.

"నీ నోట ఒక్క సుబం మాట రాదేటి సాయిబూ? మరి నా గుమ్మం తొక్కకు."

"ఉన్నాయి కదమ్మా, అది చాలు," అని ఆయన సైకిలెక్కాడు. మళ్లీ రాలేదు.

పెద్దవి రెండూ వయసు మీరి పోయాయి. పిల్లలుగా వచ్చినవి ఎనభై మూడుకల్లా బొచ్చు పలచబడి, కళ్లు మసకేసి, ఆచి తూచి అడుగేసే ముసలివయ్యాయి. ఆ నడక చూస్తుంటే ఓ పూట కాశమ్మకి సాయిబు గుర్తొచ్చాడు. కోపం ఏనాడో పోయింది, మిగిలిందల్లా సిగ్గే. అడిగినదానికి ఇప్పుడైనా జవాబు చెప్పి రావాలనిపించింది. రెంటినీ బుట్టలో పెట్టుకుని సిటీబస్సెక్కింది.

వన్‌టౌన్ సందుల్లో అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. తలుపు తీసింది ఆయన భార్య గులాబ్ బీ. ఆయన పోయి ఏడాదైందని చెప్పింది.

కాశమ్మ బుట్ట కింద పెట్టింది. గడప మీదే కూలబడింది.

"ఆ మడిసిని నాను రావొద్దన్నానమ్మా," అంటూ ఏడ్చింది.

గులాబ్ బీ బుట్టలో చెయ్యి పెట్టి, ఆ ముసలి వీపుల్ని చాలాసేపు నిమిరింది.

"ఆస్పత్రి ల్యాబులో ముప్పై ఏళ్లు వీటినే పెంచినారమ్మా. టీబీ పరీక్షకని తీసుకెళ్లి కోసే బల్ల మీద పెట్టేది కూడా ఆయనే. ఒక్కటీ ఏడాది దాటింది లేదు. రిటైరైన రోజు శాలువా వద్దని, ఈ రెండు పిల్లల్నీ అడిగి తెచ్చుకున్నారు. మనమే పెంచుకుందాం అన్నాను నాను. వినలేదు. నా చేతి మీదుగా అన్నీ సావుకే పోయాయి, ఈ రెండైనా వీటి కోసం ఏడ్చే ఆ కాశమ్మ చేతిలో ముసలివవ్వాలి అని మీ ఇంటికి తెచ్చినారు."