ఏ ఓడమ్మా?

"ఏ ఓడమ్మా?"

లక్ష్మీ నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఇరుకు మెట్లు. మూడో మెట్టు మీద కూర్చున్న ముసలాయన అడిగాడు.

దయావతి ఆగింది. ఢిల్లీలో తెలుగు మాట చెవిన పడితే ఎంత తొందరలో ఉన్నవాళ్ళైనా ఓ క్షణం ఆగుతారు.

"నేను తెలుగని ఎలా తెలిసిందండీ?"

"అబ్బాయితో మాట్లాడుతూ వస్తన్నారు కదా. క్రూజు ఉద్యోగానికేనా? ఏ ఓడ?"

ఆమె ఓ కంపెనీ పేరు చెప్పింది.

"అది లైను పేరమ్మా, ఓడలు నడిపే కంపెనీది. నేనడిగేది ఓడ పేరు."

"మమ్మీ, చలో," అన్నాడు స్టీవ్. వాడికి తెలుగు అర్థమవుతుంది గాని నోట రాదు.

దయావతి ఆస్పత్రిలో నర్సు. భర్త లేడు. స్టీవ్ హోటల్ మేనేజ్‌మెంట్ చదివి గుర్గావ్‌లో ఉద్యోగం చేసేవాడు. కిందటేడు మాంద్యం వచ్చి హోటలు వాళ్ళు సగం మందిని తీసేశారు. అప్పటి నుంచీ వాడు గది దాటి రావడం లేదు.

మొన్న పక్క సర్దుతుంటే దిండు కింద నిద్రమాత్రలు దొరికాయి. వాడు ఒక్కటీ మింగలేదు. దాచి పెడుతున్నాడు. అవి దేనికి దాస్తారో ఇరవయ్యేళ్ళుగా నర్సు పని చేస్తున్నదానికి వేరే చెప్పాలా? అందుకే బతిమాలి వాణ్ణి ఇక్కడికి తీసుకొచ్చింది.

పైన ఏజెంటు మల్హోత్రా రెండు ఉద్యోగాలు చూపించాడు.

మొదటిదాంట్లో ఓడ పేరు, ఎక్కే రేవు, పడుకునే గది నంబరు, అన్నీ అచ్చులో ఉన్నాయి. జీతం తక్కువ. చేరేది మూడు నెలల తర్వాత.

రెండోదాంట్లో నున్నటి కాగితం మీద రంగు రంగుల బొమ్మలు. జీతం రెట్టింపు. చేరేది వచ్చే వారం.

"ఇందులో ఓడ పేరు లేదేం?"

"దుబాయ్‌లో చెప్తారు మేడమ్. పెద్ద లైను. బోలెడు ఓడలు. ఏదైతే ఏముంది?"

స్టీవ్ ఆ బొమ్మలనే తిప్పి తిప్పి చూస్తున్నాడు. డెక్కు మీద ఈతకొలను, వెయ్యి మంది కూర్చుని తినే భోజనశాల, దీపాలు వెలిగే నాటకశాల. వాడి మొహంలో అలాంటి కళ చూసి ఏడాది దాటింది.

"మమ్మీ, యే వాలా," అన్నాడు ఆ కాగితం మీదే వేలు పెట్టి.

"మెట్ల మీద ఎవరో పెద్దాయన ఓడ పేరేదని అడిగాడండీ," అంది దయావతి, అనుమానంగానే.

మల్హోత్రా నవ్వాడు. "పక్క ఏజెన్సీ మనిషి మేడమ్. మా దగ్గరికి వచ్చేవాళ్ళను తన్నుకుపోవడానికి కూర్చోబెట్టారు."

నమ్మాలని ఉన్నవాళ్ళను నమ్మించడం ఎంత పని? సంతకాలు అయిపోయాయి.

దిగి వస్తుంటే ముసలాయన లేచి నిలబడ్డాడు.

"పేరు చెప్పారా అమ్మా?"

"దుబాయ్‌లో చెప్తారట."

"వద్దమ్మా. లైనంటే ఇంటిపేరు లాంటిది, ఓడంటే ఇల్లు. ఇల్లు చూడకుండా పిల్లనిస్తామా? పేరున్న ఓడే ఎక్కించండి. మూడు నెలలైనా ఆరు నెలలైనా ఆగండి."

మూడు నెలలు. మూడు రాత్రులు గడుస్తాయో లేదోనని ఆమె గుండెలు చిక్కబట్టుకుని ఉంది. ఆ భయమంతా కోపమై ఆయన మీద పడింది.

"మీకు కమిషనెంత?"

ఆయన తెల్లబోయాడు.

"చెప్పండి. పక్క ఏజెన్సీ వాళ్ళు ఎంతిస్తున్నారు? ఈ వయసులో పిల్లల బతుకులతో బేరాలా? సిగ్గుగా లేదూ?"

"ఒక్కసారి పైకెళ్ళి అడిగి రండమ్మా. నా మాటినండి."

"భయ్యా, ఈయన్ని ఇక్కణ్ణించి పంపించు," అని కింద ఉన్న వాచ్‌మన్‌ను కేకేసింది.

వాచ్‌మన్ ఆయన్ని రెక్క పట్టుకుని రోడ్డు మీదికి నడిపించాడు.

వారానికి స్టీవ్ విమానం ఎక్కాడు. దుబాయ్ నుంచి ఫోను చేశాడు. "మమ్మీ, రేపు షిప్ ఎక్కిస్తారట. ఐ యామ్ హ్యాపీ."

అంతే. మళ్ళీ ఫోను లేదు.

నెల చూసింది. రెండు నెలలు చూసింది. చర్చిలో మోకాళ్ళు కాయలు కాశాయి. ఐదో నెలలో లక్ష్మీ నగర్ పరుగెత్తింది. ఆ మెట్ల పైన ఇప్పుడు స్పోకెన్ ఇంగ్లీషు నేర్పుతున్నారు.

వాళ్ళనీ వీళ్ళనీ అడిగి చివరికి ఓ ప్రభుత్వ కార్యాలయం చేరింది. గుమాస్తా మంచివాడే. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

"ఓడ పేరు చెప్పండి దీదీ."

ఆమె లైను పేరు చెప్పింది.

"లైను కాగితం మీద ఉంటుంది దీదీ. సముద్రం మీద ఉండేది ఓడ. దాని పేరు తెలిస్తే ఏ రేవులో ఉందో కనుక్కోగలం. పేరే లేకపోతే ఎక్కడని వెతుకుతాం?"

దయావతికి ఏడుపు ఆగలేదు. చావు నుంచి తప్పించానని మురిసిపోయి, బిడ్డను అజాపజా లేని చోటికి చేతులారా తోసేసింది.

"ముందు దరఖాస్తు రాయండి," అన్నాడు గుమాస్తా, ఓ తెల్లకాగితం చేతికిచ్చి. "వరండాలో మీ తెలుగాయన ఉన్నారు. చూపిస్తారు."

వరండాలో బల్ల మీద ఆ ముసలాయనే కూర్చుని ఉన్నాడు.

ఇక్కడ కూడా బేరాలేనా అనుకుంది ముందు.

ఆయన ఆమె మొహం చూశాడు. చేతిలో తెల్లకాగితం చూశాడు. పక్కకు జరిగి చోటిచ్చాడు. సంచిలోంచి నలిగిన జిరాక్సు ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది చూసి రాసుకోండమ్మా. పేర్లూ తేదీలూ మార్చుకుంటే చాలు. లైను అదే."

దయావతి కళ్ళు తుడుచుకుని చదివింది.

'అయ్యా, సిలాసు అను నేను 2007 మార్చిలో నా ఒక్కగానొక్క కొడుకు ఫెలిక్స్‌ను ఈ లైనులో చేర్పించాను, వాడు ఏ ఓడ ఎక్కుతాడో నేను అడగలేదు.'