ఏడు మాత్రలు

చీటీలో డాక్టరు నెలకు సరిపడా రాశాడు. మందుల షాపులోని ముసలాయన మాత్రం రేకు కత్తిరించి ఏడే ఏడు మాత్రలు కవర్లో వేశాడు.

"మిగతావేవి?" అంది అక్క.

"వచ్చే వారం. ఖాళీ రేకు తెచ్చి చూపించమ్మా."

"రెండు బస్సులు మారి వస్తున్నానండీ. వారం వారం రావడానికి నాకు వేరే పనిలేదా?"

"మందు ఎవరికి?"

"మా తమ్ముడికి. ఒకటే దిగులు. మంచం దిగడు."

"మంచి మందే. మధ్యలో ఆపొద్దు. కాకపోతే ముందు ఒంటికి ఓపిక వస్తుంది. మనసు తేరుకునేది తర్వాత. ఆ మధ్య రోజులే గండం. ఉన్నట్టుండి హుషారైనా, తన వస్తువులు పంచిపెడుతున్నా ఓ కన్నేసి ఉంచు."

కవరు మీద ఏదో గీకి ఇచ్చాడు.

అసలే అక్కకు ముక్కు మీద కోపం. తమ్ముడి గురించి అశుభం పలికితే ఊరుకుంటుందా? తిన్నగా యజమాని దగ్గరకు వెళ్లింది.

"మాత్రలు అమ్మమంటే జాతకం చెబుతున్నాడు. ఆయనుంటే నేనీ గడప తొక్కను."

చెప్పి చూస్తానన్నాడు యజమాని.

మరుసటి వారం ముసలాయన లేడు. యజమానే మిగతా మాత్రలన్నీ ఇచ్చేశాడు. పీడా పోయిందనుకుంది అక్క.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు గడ్డం గీసుకుని ఉన్నాడు. తనే టీ పెట్టిచ్చాడు. నవ్వాడు కూడా. అక్కకు ప్రాణం లేచొచ్చింది.

"గోడకుండే గిటారేదిరా?"

"పక్కింటి పిల్లకిచ్చేశా. నాకింకెందుకు?"

పోనీలే అనుకుంది. కప్పు కడుగుతుంటే చెయ్యి ఆగిపోయింది. ముసలాయన ఏమన్నాడు?

గబుక్కున వెనక్కి వచ్చింది. బల్ల మీద పెట్టిన మందుల సంచి లేదు. తమ్ముడి గదికి లోపల గడియ పడి ఉంది.

"తలుపు తియ్యరా."

బాదింది. భుజంతో తోసింది. పిలిచి పిలిచి గొంతు పోయింది.

చివరికి గడియ కదిలింది.

మంచం మీద రేకులు. ఒక్క మాత్రా తీయలేదు. తమ్ముడి చెవి దగ్గర ఫోను, చేతిలో పోయిన వారం కవరు. ముసలాయన దాని మీద రాసింది తన నంబరు. కింద ఒక్క ముక్క: 'ఏ వేళైనా సరే.'

"రేకులన్నీ నీ చేతికిచ్చి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లమని అడగమన్నారక్కా," అన్నాడు వెక్కుతూ.

అక్క వాణ్ణి గట్టిగా పట్టుకుంది. ఆ సాయంత్రమే తీసుకెళ్లింది. డాక్టరు మందు ఆపలేదు. మాత్రలు మాత్రం అక్క దగ్గరే ఉంచమన్నాడు.

మర్నాడు షాపు తెరిచే వేళకే అక్క అక్కడుంది.

"ఆయన్ని మళ్లీ పనిలో పెట్టుకోండి. తప్పు నాదే."

"పనివాడైతే కదమ్మా? ఏనాడూ జీతం తీసుకోలేదు. మీ మాట చెప్పగానే కత్తెర బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. బతిమాలినా రానంటున్నారు."

"మరి ఆయనెవరు?"

యజమాని కత్తెర వంక చూశాడు.

"ఆరేళ్ల కిందట, వారం వారం రావడానికి నాకు వేరే పనిలేదా అని నాతో పోట్లాడి, కొడుక్కి నెల మందూ ఒకేసారి పట్టుకెళ్లిన తండ్రి."