తెల్లావిడ మెడలో కాసులపేరు

"దొంగ! ఆ కాసులపేరు నాది!"

అమలాపురం గడియార స్తంభం సెంటర్లో, పట్టపగలు, అనురాధ ఒక తెల్లావిడ మెడలోని హారాన్ని పిడికిట పట్టుకుని అరిచింది. ఆమె చేతిలోని పనసపొట్టు సంచి జారిపోయి రోడ్డంతా చెదిరింది. తెల్లావిడకి అరవై దాటి ఉంటాయి. నెరిసిన జుట్టు, నలిగిన నూలు గౌను. మెడలో మాత్రం పెళ్ళికూతురికి పెట్టినంత బంగారం.

ఆవిణ్ణి తీసుకొచ్చిన ఆటోడ్రైవర్ సూరిబాబు పరుగెత్తుకొచ్చి అడ్డం పడ్డాడు.

"వదలండి మేడంగారూ! పరాయిదేశం మనిషండి. నడిరోడ్డు మీద మెళ్ళో గొలుసు లాగేస్తారా? మన ఊరి పరువేం కావాలండీ?"

"నేను లాగడమేంటి? నా మెళ్ళోంచే లాగేరు దీన్ని! పోయిన వేసవిలో, రోమ్‌లో!"

జనం మూగారు. మందుల షాపులో ఉన్న ఆమె భర్త శివప్రసాద్ వాళ్ళని తోసుకుంటూ వచ్చాడు. భార్య పిడికిట్లో ఉన్నదాన్ని చూసి కొయ్యబారిపోయాడు.

"ఏవండీ, మీరే చెప్పండి. ఇది మనది కాదూ?"

"అలాగే ఉంది గానీ... పై దేశాలు తిరిగేటప్పుడు ఒంటిమీద బంగారం వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. విన్నావా?"

"అది తర్వాత తిడుదురుగాని."

సూరిబాబు తగ్గలేదు. "ఇలాంటి కాసులపేర్లు కోనసీమలో చాలామందికుంటాయండి. మీదే అనడానికి రుజువేంటండీ?"

అనురాధ పిడికిలి వదిలేసింది. "కొక్కెం పక్కనున్న కాసు చూడు. అన్నిట్లోనూ లక్ష్మీదేవి నిటారుగా ఉంటుంది. ఆ ఒక్కదాంట్లో తలకిందులుగా ఉంటుంది. కంసాలిగారు పొరపాటున అతికేరు. మా అమ్మ మార్పించనివ్వలేదు."

సూరిబాబు తెల్లావిణ్ణి సైగతో అడిగాడు. ఆవిడ తల వంచి జుట్టు పక్కకి తీసింది. అతను మెడ వెనక్కి వంగి చూసి, నెమ్మదిగా నిలబడ్డాడు.

"ఆయ్... తలకిందులుగానే ఉందండి."

"పోలీసుల్ని పిలవండి!" అన్నారెవరో గుంపులోంచి.

అనురాధకి వింతగా తోచింది ఆ గొడవ కాదు. తెల్లావిడ కేక వెయ్యలేదు, వెనక్కి తగ్గలేదు, హారాన్ని చేత్తో కప్పుకోలేదు. అనురాధ ముఖంలోకే చూస్తూ ఉంది, చాలాకాలంగా ఎదురుచూస్తున్న మనిషి బస్సు దిగినట్టు. పట్టుబడ్డవాళ్ళు అలా చూడరు.

"ఎవరయ్యా ఈవిడ? ఇక్కడికెందుకొచ్చింది?" అడిగాడు శివప్రసాద్.

"లూచియాగారండి. ఇటలీ అంటండి. నిన్న రావులపాలెంలో నా ఆటో ఎక్కేరు. డిండి రిసార్టుకి తీసుకెళ్తానన్నానండి, వద్దన్నారు. గోదాట్లో పడవెక్కిస్తానన్నాను, అదీ వద్దన్నారు. ఎంతసేపూ జనం ఉన్నచోటే తిప్పమంటారండి. బంగారం కొట్లు, బస్టాండు, కూరల మార్కెట్టు. 'అది లోపల దాచుకోండమ్మా, ఎవడైనా లాక్కుపోతాడు' అని సైగలు చేస్తుంటే, ఇంకా పైకి కనబడేలా సర్దుకునేవారండి. ఎందుకని ఆవిడ తర్జుమా ఫోన్లో అడిగినా చెప్పలేదండి, నాకూ అంతుపట్టలేదు."

తన పేరు వినగానే ఆవిడ సంచిలోంచి ఫోను తీసి, దానితో తన భాషలో ఏదో చెప్పింది. ఫోను తెలుగులో పలికింది.

"దయచేసి ఆమెను ఏమీ అనవద్దు. నేను ఆమె కోసమే వచ్చాను."

గుంపు సద్దుమణిగింది. అనురాధ ఫోను దగ్గరికి వంగింది. "నా కోసమా? నేనెవరో మీకెలా తెలుసు?"

లూచియా కాసులపేరు పతకాన్ని వెనక్కి తిప్పి చూపించింది. కంసాలి ముద్ర, దాని కింద నువ్వుగింజలంత అక్షరాల్లో 'అమలాపురం'.

"ఇది ఏ భాషో తెలుసుకున్నాను," అంది ఫోను. "ఊరి పేరు తెలిసింది. మనిషి పేరు తెలియలేదు. అందుకే మెడలో వేసుకుని తిరిగాను. ఎవరిదో వారే చూసి పట్టుకుంటారు అనుకున్నాను."

అంటూనే రెండు చేతులూ వెనక్కి పెట్టి కొక్కెం తీసింది. కాసులపేరు కుప్పగా అనురాధ దోసిట్లో పడింది. అమ్మ పోయాక ఆమెకి మిగిలిన అమ్మ వస్తువు అదొక్కటే. అనురాధ దాన్ని గుండెకి అదుముకుని ఆ నడిరోడ్డు మీదే ఏడ్చేసింది. ఏడుస్తూనే లూచియా మెడ చూసింది. తను పట్టుకుని గుంజినచోట ఎర్రగా కందిపోయి ఉంది.

"అయ్యో, నేనెంత పని చేసేనమ్మా! ఏమీ అనుకోకండి."

ఫోను ఆ మాట చెప్పగానే లూచియా తల అడ్డంగా ఊపింది.

శివప్రసాద్ భార్య చెవి దగ్గర గొంతు తగ్గించి అన్నాడు. "పాపం, దొంగసొత్తని తెలియక ఏ కొట్లోనో కొనుక్కుని ఉంటుంది. ఆవిడ డబ్బు ఆవిడకి ఇచ్చేద్దాం. మనకోసం ఇంతదూరం వచ్చిన మనిషి నష్టపోకూడదు."

"నేనూ అదే అనుకుంటున్నానండి." అనురాధ కళ్ళు తుడుచుకుని ఫోను వైపు తిరిగింది. "దీన్ని మీరెక్కడ కొన్నారమ్మా? ఎంతకి కొన్నారో చెప్పండి, ఇచ్చేస్తాం."

ఫోను ఆ మాటని ఆవిడ భాషలో వినిపించింది. లూచియా చూపు అనురాధ మెడ మీద, ఆనాడు హారం తెంపినప్పుడు కోసుకుపోయి మిగిలిన సన్నటి మచ్చ దగ్గర ఆగింది. దాన్ని తాకబోయి వేలు వెనక్కి తీసుకుంది. ఫోను పెదవుల దగ్గరికి తెచ్చుకుని, ఎవరికీ వినబడనంత మెల్లగా ఏదో చెప్పింది.

ఫోను మాత్రం అదే ఒడిదుడుకుల్లేని గొంతుతో, సెంటరంతా వినబడేలా పలికింది.

"కొనలేదు. నా పుట్టినరోజుకి నా కుమారుడు ఇచ్చాడు. మీ మెడలో నుండి లాగింది కూడా నా కుమారుడే."